పొయ్యి మార్చేముందు స్లాబు సంగతి చూడండి

సంపాదకులకు,

గ్యాస్ అవసరం లేకుండా అంతా కరెంటుతోనే నడిచే ఇల్లు కట్టుకోవాలన్న ఆలోచన మంచిదే. కానీ పనుల వరస తారుమారైతే డబ్బూ పోతుంది, పొగా తగ్గదు.

14.2 కిలోల సిలిండరుతో అయ్యే వంటకు ఇండక్షన్ పొయ్యి మీద దాదాపు 140 యూనిట్లు పడుతుంది. సిలిండరు కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ 42 కిలోలు. గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలో లెక్కన 140 యూనిట్లకు వంద కిలోల దాకా వస్తుంది. మిద్దె మీద సోలార్ లేకుండా పొయ్యి ఒక్కటే మారిస్తే, వంటింటి పొగను కృష్ణపట్నం దగ్గరి నేలటూరు బొగ్గు విద్యుత్ కేంద్రం చిమ్నీకి పంపినట్టే.

అన్నిటికంటే ముందు స్లాబు. రోహిణీ కార్తెలో పగలంతా కాగిన అయిదంగుళాల స్లాబు రాత్రి పదింటికి కూడా గదిలోకి సెగ వదులుతుంది. ఏసీ కరెంటు చాలావరకు ఆ సెగకే ఖర్చవుతుంది. కప్పు ఎంత వేడిని లోపలికి పంపుతుందో చెప్పే యూ-వాల్యూ 1.2 దాటకూడదని ఇళ్లలో ఇంధన పొదుపుకు కేంద్రం తెచ్చిన 2018 నాటి నియమావళి ఎకో నివాస్ సంహిత చెబుతోంది. ఉత్త స్లాబుకు అది 3కు పైనే. వాటర్‌ప్రూఫింగ్ మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్) షీట్లు, వాటిపై వాలు కాంక్రీటు, ఆ పైన తెల్ల టైల్సు ముక్కలు పరిస్తే 0.6 దగ్గరకు దిగుతుంది. పడమటి కిటికీకి రెండడుగుల సజ్జా చాలదు, సాయంత్రం ఎండ ఏటవాలుగా లోపలికి కొడుతుంది. బయటివైపే తడికో, నిలువు రెక్కలో కట్టాలి. కర్టెన్ దాకా వచ్చిన ఎండ గదిలోకి వచ్చినట్టే.

తర్వాత వైరింగ్. 2 కిలోవాట్ల పొయ్యికి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చు), సాకెట్, వెనక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చు) ఉండాలి. 6 ఆంపియర్ల ప్లగ్గుకు మల్టీప్లగ్ తగిలిస్తే సాకెట్ నల్లబడి కరుగుతుంది. అయస్కాంతం అంటుకోని గిన్నెలు ఇండక్షన్ మీద వేడెక్కవు. మట్టి దాకలో చేపల పులుసు వదులుకోలేని ఇంటికి ఏ గిన్నెనైనా వేడిచేసే ఇన్‌ఫ్రారెడ్ కరెంటు పొయ్యి ఒకటి అదనంగా కావాలి.

ఇక సోలార్. కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల చోటు కావాలి, రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. 3 కిలోవాట్లకు ఇంటి సోలార్ కోసం కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ రాయితీ 78 వేలు. ప్యానెళ్లు దక్షిణానికి తిప్పి 15 డిగ్రీల వాలులో పెట్టాలి. వాటర్ ట్యాంకు నీడ ఒక మూల పడినా ఆ వరస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చు. నెల్లూరుకు భవన ప్రమాణాల్లో గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. స్టాండ్లను తుపాను గాలికి తట్టుకునేలా బిగించాలి, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా హాట్‌డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత) తప్పదు. స్లాబు పోశాక డ్రిల్లింగ్ చేస్తే కారుతుంది. పోసేటప్పుడే స్టాండ్ల కోసం చువ్వలు కట్టి దిమ్మెలు లేపాలి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్మును తరచుగా కడగాలి, కానీ ఉప్పుబోరు నీళ్లతో కాదు. అద్దం మీద తెల్ల మచ్చలు పడతాయి. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపే ఆన్‌గ్రిడ్ సోలార్, కరెంటు పోతే పట్టపగలైనా ఆగిపోతుందని కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

ఇందులో సగం పనులు స్లాబు పోసేలోపే జరగాలి. అందుకే నెల్లూరు, ఒంగోలు నగరపాలక సంస్థలు ప్లాన్ మంజూరు చేసేటప్పుడే కప్పు ఇన్సులేషన్, సోలార్ దిమ్మెలు, వంటింటి విడి సర్క్యూట్ డ్రాయింగులో చూపమని అడగాలని కోరుతున్నాం.

— భవన విద్యుత్ డిజైన్ ఇంజినీర్లు, నెల్లూరు