రంగస్థల దుస్తుల విభాగం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు వేరైనా తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో నాటకాలకు దుస్తులు చూసేవాళ్లమంతా ఒకే సంఘంగా నడుస్తున్నాం. ఈ ఏడాది కార్యవర్గం ముఖ్యంగా ఒక్క పని మీదే నిలబడింది. మన డ్రెస్సులు వేదిక మీద చినిగేది తక్కువ. మంగళం పాడి తెర దించాక, చెమటతో తడిసిన గుడ్డను మడిచి ట్రంకు పెట్టెలో కుక్కినప్పుడే ఎక్కువ పాడవుతున్నాయి. నిర్వాహకులు మాత్రం మన కూలిని మంగళహారతి వరకే లెక్కగడుతున్నారు. ఆ తర్వాతి గంట కూడా పనే అని ఒప్పించడం, ఆ గంటలో ఏం చేయాలో సభ్యులందరికీ ఒకే పద్ధతి నేర్పడం, ఈ రెండింటి చుట్టూనే ఏడాదంతా గడిచింది.

నాటకం అయ్యాక

శిక్షణలో ఖాయం చేసుకున్న వరస ఇది. ముందు కిరీటం, తర్వాత భుజకీర్తులు, హారాలు, వడ్డాణం తీయాలి. ఆ తర్వాతే కోటు. నగలు ఉండగానే కోటు లాగితే హారం కొక్కెం వెల్వెట్‌కు తగులుకుని నూగు లేచిపోతుంది. ఒకసారి లేచిన నూగు మళ్లీ రాదు. తీసిన కోటును లోపలివైపు బయటికి తిప్పి, వెడల్పు భుజాల హ్యాంగర్‌కు తగిలించి ఫ్యాను గాలికి ఉంచాలి. ఎండలో వేయొద్దు. మెరూన్, నీలం వెల్వెట్ భుజాల మీద ముందుగా వెలుస్తుంది, పైగా లోపలి గుడ్డ అట్టకట్టుకుపోతుంది.

చెమట ఆరినా అందులోని ఉప్పు గుడ్డలోనే ఉండిపోతుంది. జరీలో రాగి తీగ ఉంటే ఆ ఉప్పే దాన్ని పచ్చబరుస్తుంది, నల్లబరుస్తుంది. మీ దగ్గరున్నది ఏ జరీయో తెలియకపోతే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపండి. ముడుచుకుని పూసలా గట్టిపడి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే అది ప్లాస్టిక్ జరీ. లోపలి దారం కాలిపోయి తీగ మిగిలితే లోహపు జరీ. మొదటిది నల్లబడదు గానీ ఇస్త్రీ వేడికి ముడుచుకుపోతుంది. రెండోది ఇస్త్రీకి తట్టుకుంటుంది గానీ చెమటకు, అత్తరుకు తట్టుకోదు. వాసన వస్తోందని కోటు మీద సెంటు కొట్టే అలవాటు మనలో ఇంకా పోలేదు. దయచేసి మానేయండి.

వాసనకు సర్జికల్ స్పిరిట్ చాలు. స్ప్రే సీసాలో పోసి, చంక భాగంలో లోపలి గుడ్డకు మాత్రమే, జానెడు దూరం నుంచి సన్నగా కొట్టాలి. వాసన పుట్టించే సూక్ష్మజీవులు చస్తాయి. ఉప్పు మాత్రం పోదు, దానికి నీళ్లే కావాలి. రంగు దిగుతుందేమో ముందు ఎవరికీ కనపడని కుట్టు దగ్గర తెల్లగుడ్డతో అద్ది చూసుకోండి. హారతి కర్పూరం వెలుగుతున్న చోట, జనరేటరు పక్కన, బీడీ తాగేవాళ్ల దగ్గర స్ప్రే సీసా బయటికి తీయొద్దు.

ఈ ఏడాది మనకు బాగా పనికొచ్చినవి చంక గుడ్డలు, అంటే చెమట పీల్చడానికి కోటు లోపల చంకల దగ్గర బిగించే ముక్కలు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఏడంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతు ఉన్న అర్ధచంద్రాకారపు ముక్కలు రెండు కలిపి కుట్టాలి. పైపొర మెత్తటి నూలు గుడ్డ, మధ్యలో పాత తువ్వాలు ముక్క. పుత్తూరు, నగరి మరమగ్గాల మీద నేసిన నూలు గుడ్డ దీనికి బాగుంటుంది. కుట్టే ముందు ఒకసారి తడిపి ఆరబెడితే తర్వాత కుంచించుకుపోదు. ఒక్కో గుడ్డకు నాలుగు ప్రెస్ బటన్లు, కోటు లోపల వాటికి జతలు. కోటుకు మూడు జతలు పెట్టుకోండి: ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, ఒకటి ఆరుతూ. ఊళ్లలో పద్దెనిమిది రోజుల పాటు మహాభారతం ఆడే ఉత్సవంలో వెల్వెట్ కోటును ఉతకలేం. దాన్ని కాపాడేది ఈ ముక్కలే.

పెట్టెలో పెట్టేటప్పుడు పచ్చి వేపాకు వేయకండి. దాని తడికే బూజు వస్తుంది. నీడన గలగలలాడేలా ఎండినదే వేయాలి. కలరా ఉండలు గుడ్డ సంచిలో కట్టి మూలన పెట్టండి. ప్లాస్టిక్ ముత్యాలకు నేరుగా తగిలితే జిగటగా మారతాయి. నవంబరు వానల్లో మన ప్రాంతంలో గాలి చెమ్మగా ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో పెట్టెలు వారానికోసారి తెరిచి గాలి తగలనివ్వాలి.

కొలతలు, మైకులు, మార్పులు

ఒకే కృష్ణుడి కోటు ఇవాళ సన్నటి కుర్రాడికి, రేపు స్థూలకాయుడికి వెళ్తుంది. కొత్తగా కుట్టే ప్రతి కోటుకూ వెనక నిలువునా చీలిక పెట్టి, రెండు వైపులా ఎనిమిదేసి రింగులు కుట్టి, బొందుతో బిగించే పద్ధతికి మారమని తీర్మానించాం. ఉత్తరీయం కప్పేస్తుంది కాబట్టి బయటికి కనపడదు. పక్క కుట్లలో రెండంగుళాల గుడ్డ వదలండి. దాన్ని కత్తిరించేసిన టైలరు పనిని మళ్లీ బాగుచేయలేం.

పద్యం పాడే నటుడి ఛాతీ మీద మైకు పెట్టాక హారం ఊగి దానికి తగిలితే హాలంతా టకటక వినిపిస్తుంది. హారాన్ని కోటుకు రెండు చోట్ల దారంతో పట్టించండి. మైకు పెట్టె నడుం వెనక నూలు సంచిలో ఉండాలి, చెమట దిగకుండా ముందు పాలిథిన్ కవరులో చుట్టి పెట్టాలి. వెల్క్రో గురించి చాలామంది అడిగారు. తొందరగా విప్పడానికి బాగానే ఉంటుంది. అయితే చర్రుమనే శబ్దం మైకులో పడుతుంది, నూగు పట్టి కొన్నాళ్లకు పట్టు వదులుతుంది, పక్కనే జరీ చున్నీ ఉంటే దాన్ని పీకేస్తుంది. బరువు పడే చోట పెద్ద ప్యాంటు హుక్కులే నమ్మదగినవి.

రాజవేషంలోని హరిశ్చంద్రుడు కాటికాపరిగా మారేటప్పుడు ఇద్దరు సహాయకులు ఉండాలి: ముందువైపు ఒకరు, వెనకవైపు ఒకరు. నటుడు చేతులు కాస్త ఎత్తి కదలకుండా నిలబడాలి. తనూ ఒక చెయ్యి వేస్తే ఆలస్యమే. కాటికాపరి గోచీ మాత్రమే లోపల ముందుగా కట్టండి. నల్ల కంబళి, పైగుడ్డ కూడా లోపలే వేస్తే లైట్ల వేడికి మనిషికి కళ్లు తిరుగుతాయి. నీలం సెల్లోఫేన్ కాగితం చుట్టిన టార్చి, నలుపు, తెలుపు, ఎరుపు దారాలు ఎక్కించి పెట్టుకున్న సూదులు నడుం సంచిలో ఉండాలి. పిన్నీసు అప్పటికప్పుడు ఆదుకోవడానికే. ఆ రాత్రే తీసేయకపోతే చెమటకు తుప్పు పట్టి, పోని మరక అవుతుంది.

కిరీటం లోపలి స్పాంజి కూడా చంక గుడ్డల్లాగే విడిగా తీసి ఉతికేలా ఉండాలి. పేలు ఒకరి నుంచి ఒకరికి అక్కడ అంటుకోవచ్చు. ప్రతి నటుడికీ సొంత నూలు టోపీ ఉండాలి, దాని మీదే విగ్గు, ఆపైన కిరీటం.

వస్త్రాపహరణం చీరలు

భారతం జరిగే ఊళ్లలో జనం కదలకుండా చూసే ఘట్టం ఇది. తప్పు జరిగితే సరిదిద్దుకునే వీలు లేదు. అందుకే దీని మీద ఒక పూటంతా శిక్షణ పెట్టాం. అయిదున్నర మీటర్ల చీరలు ఏడు కలిపితే 38.5 మీటర్లు. అన్నీ జార్జెట్ లాంటి జారుడు గుడ్డే కావాలి. నూలు చీరలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కొంగు కుచ్చులు కత్తిరించేయాలి. ఒక చీర చివర మీద ఇంకో చీర చివర అంగుళం మేర వేసి, జంట దారంతో దగ్గర దగ్గరగా రెండు వరసలు కుట్టాలి. ముడి వేస్తే నడుం దగ్గర ఇరుక్కుంటుంది. పిన్నీసు పెడితే తెరుచుకుని ఒంట్లో గుచ్చుకుంటుంది.

ఏడూ ద్రౌపది ఒంటికే చుడితే దాదాపు మూడు కిలోల బరువు, ఆమె తిరగలేదు. మూడు ఒంటికి చుట్టి, మిగతా నాలుగు వెనక తెర చీలిక గుండా గంపలోంచి అందిస్తాం. గంపలో చీరను చుట్టగా పెట్టకూడదు. బారెడు పొడవున అటూ ఇటూ మడతలు వేయాలి, మొదట వెళ్లాల్సిన కొస పైన ఉండాలి. గంప దగ్గర కూర్చున్న మనిషి ఎగదోయకూడదు, చేతుల మీదుగా జారనివ్వాలి. లోపలి అసలు చీర ఈ వరసకు తగలకూడదు. దాన్ని లంగాకు చుట్టూ కుట్టి, పైన నూలు పట్టీ బిగించాలి. గుడ్డ రాపిడికి నడుం కమలకుండా కాపాడేది కూడా ఆ పట్టీయే. చుట్టే దిశ, ఆమె తిరిగే దిశ దుశ్శాసనుడితో సహా రిహార్సల్లోనే ఖాయం చేసుకోవాలి. తారుమారైతే చీర విప్పుకోదు, ఇంకా బిగుసుకుంటుంది.

జాతర సేవ

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో కైకాల వంశస్థులు వేసే వేషాల అలంకరణ వాళ్ల ఆచారానికి చెందినది. అందులో సంఘం చేయి పెట్టదు. మొక్కు తీర్చుకోవడానికి ఆడవేషం వేసే భక్తులకు మాత్రం మన సభ్యులు చీర కట్టడంలో, విగ్గులు అమర్చడంలో సాయపడ్డారు. కురచ జుట్టులో క్లిప్పు నిలవదు. ముందు తల చుట్టూ నూలు పట్టీ గట్టిగా కట్టి, విగ్గును దానికి పట్టించాలి. పూలు విగ్గుకు కుట్టాలే గానీ గుచ్చకూడదు, బరువుకు వెనక్కి జారుతుంది. భుజం దగ్గర కొంగును పిన్ను చేసేటప్పుడు జాకెట్టు లోపల మందపాటి గుడ్డ ముక్క పెట్టకపోతే గుంపులో ఒక్క లాగుడుకు రెండూ చినుగుతాయి.

రంగుల విషయం

వీధి నాటకాల పాత పెట్టెల్లో ముఖానికి పూసే అరదళం అనే పసుపు రంగు పొడి, సింధూరం ఇంకా కనిపిస్తున్నాయి. అరదళంలో ఆర్సెనిక్, సింధూరంలో సీసం ఉంటాయి. ముఖానికి పూసుకున్న నటుడితో పాటు, కాలరుకు అంటిన ఆ పొడిని దులిపి ఉతికే మనకూ అది విషమే. సంఘం పెట్టెల్లో వీటిని ఉంచకూడదని ఏకగ్రీవంగా తీర్మానించాం. పాత కాలర్లను దులపకండి. తడిపి, విడిగా, చేతి తొడుగులతో ఉతకండి. పెద్ద కళాకారులతో మాట్లాడేటప్పుడు గౌరవంగా, ఓపికగా చెప్పండి. వాళ్ల చేతుల మీదుగానే ఈ వేషాలు మన దాకా వచ్చాయి.

జమాఖర్చులు, వచ్చే ఏడాది

లెక్కల పట్టిక విడిగా అందించాం. అభ్యంతరాలు కోశాధికారికి రాసి ఇవ్వండి.

నిర్వాహకులతో చేసుకునే ఒప్పంద పత్రం నమూనా సిద్ధమైంది. తిరుపతిలోని మహతి, అన్నమాచార్య కళామందిరం లాంటి హాళ్లలో పైకప్పు, కరెంటు ఉంటాయి. పలమనేరు, కుప్పం వైపు ఊళ్లలో తెల్లవార్లూ ఆడే ఆటకు మంచు, దుమ్ము తప్పవు. కాబట్టి నమూనాలో ఇవి చేర్చాం: డ్రెస్సులకు టార్పాలిన్ కప్పిన చోటు, ముప్పై అడుగుల నైలాన్ తాడు, రెండు స్టాండు ఫ్యాన్లు, రెండు బిందెల మంచినీళ్లు, ఆడవాళ్లకు లోపల గడియ ఉన్న గది, ఆట ముగిశాక ఒక గంట కూలి. మొదటి అయిదింటికీ చాలామంది నిర్వాహకులు ఒప్పుకుంటున్నారు. గంట కూలి దగ్గరే బేరం ఆగుతోంది. అందువల్ల వచ్చే సర్వసభ్య సమావేశం వరకు ఎవరూ ఆ షరతు వదులుకుని ఒప్పందం చేసుకోవద్దని కార్యవర్గం కోరుతోంది. సమావేశానికి మీ నమూనా ప్రతిలో చేయాలనుకున్న మార్పులు రాసి తీసుకురండి. చంక గుడ్డల కత్తిరింపు అట్టలు కావాల్సినవాళ్లు అక్కడే తీసుకోవచ్చు.