పేరు డల్లాస్, ఊరు ఆర్లింగ్టన్: ప్రపంచకప్ యాత్ర ప్యాకేజీపై ఫిర్యాదు

హైదరాబాద్,
ఏప్రిల్ 20, 2026.

వినియోగదారుల సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: 2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్ యాత్ర ప్యాకేజీలో స్టేడియాలు, ఆతిథ్య నగరాల గురించి ఇచ్చిన తప్పుడు సమాచారం, దాని ఆధారంగా వసూలు చేసిన అదనపు సొమ్ము గురించి.

అయ్యా / అమ్మా,

ఈ జూన్ 11న మొదలయ్యే ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం మీ సంస్థ ప్రకటించిన యాత్రల్లో అర్జెంటీనా గ్రూప్ మ్యాచ్‌ల ప్యాకేజీని మా కుటుంబంలోని నలుగురి పేరు మీద తీసుకుని, పూర్తి సొమ్ము చెల్లించాను. మ్యాచ్ టికెట్లు మేము విడిగా ఫిఫా ద్వారానే కొనుక్కున్నాం కనుక వాటితో మీకు సంబంధం లేదు. విమాన ప్రయాణాలు, హోటల్ బస, స్టేడియానికి ఎలా చేరుకోవాలో చెప్పే మార్గదర్శక పుస్తకం మాత్రం పూర్తిగా మీ బాధ్యత. నా ఫిర్యాదు ఈ చివరి రెండింటి గురించి.

మీ ప్యాకేజీలో బస రెండు రకాలు. ఒకటి మామూలు బస. రెండోది ‘స్టేడియానికి చేరువలో’ బస, దానికి మనిషికి 38,000 రూపాయలు అదనం. మా నాన్నగారికి డెబ్బై ఏళ్లు దాటాయి, మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువసేపు నడవలేరు, నిలబడలేరు. లాల్ బహదూర్ స్టేడియంలో ఫుట్‌బాల్ చూస్తూ పెరిగిన మనిషి కనుక మెస్సీ ఆటను ఒక్కసారైనా కళ్లారా చూడాలని ఆయన ముచ్చట. ఆయన ఇబ్బంది పడకూడదనే నలుగురికీ రెండో రకం బస తీసుకున్నాం. ఈ సంగతి బుకింగ్ పత్రంలో ప్రత్యేక అవసరాల గడిలో రాసి ఇచ్చాను కూడా.

ఇక మీ పుస్తకంలోని డల్లాస్ అధ్యాయానికి వస్తాను. అర్జెంటీనా ఇక్కడ రెండు మ్యాచ్‌లు ఆడుతుంది: జూన్ 22న ఆస్ట్రియాతో, జూన్ 27న జోర్డాన్‌తో. మీరిచ్చిన హోటల్ డల్లాస్ నడిబొడ్డున ఉంది. అక్కడి నుంచి గ్రీన్ లైన్ రైలెక్కి ఫెయిర్ పార్క్ స్టేషన్‌లో దిగితే ఎదురుగానే స్టేడియం కనిపిస్తుందనీ, టాక్సీ అవసరమే ఉండదనీ, 1994 ప్రపంచకప్ మ్యాచ్‌లు కూడా ఈ మైదానంలోనే జరిగాయనీ రాశారు. అదే పేజీ పైభాగంలో పెద్ద ఉక్కు తోరణాలు, తెరుచుకుని మూసుకునే పైకప్పు ఉన్న స్టేడియం ఫొటో వేశారు. ఫొటో కిందనే ‘ఇది పైకప్పు లేని మైదానం, ఎండకు టోపీలు వెంట తెచ్చుకోగలరు’ అనే సూచన అచ్చయింది. పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు ఒక్కరు, ఒక్క నిమిషం ఈ పేజీని చూసినా ఫొటోకూ దాని కింది వాక్యానికీ పొంతన లేదని పట్టుకునేవారు.

వాస్తవం ఇది. ఈ ప్రపంచకప్‌లో ‘డల్లాస్ స్టేడియం’ అని పిలుస్తున్నది ఏటీ అండ్ టీ స్టేడియాన్ని. అది డల్లాస్‌లో లేదు. డల్లాస్‌కూ ఫోర్ట్ వర్త్‌కూ మధ్యనున్న ఆర్లింగ్టన్ అనే వేరే నగరంలో, డల్లాస్ నడిబొడ్డుకు 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. 2009లో తెరిచిన ఆ స్టేడియంలో 1994 నాటి మ్యాచ్‌లు జరిగే అవకాశమే లేదు. ఆర్లింగ్టన్‌కు డల్లాస్ నుంచి గ్రీన్ లైన్ గానీ మరే నగర రైలు గానీ వెళ్లదు. నిర్ణీత మార్గాల్లో తిరిగే సిటీ బస్సులు లేని పెద్ద నగరంగా ఆర్లింగ్టన్‌కు అమెరికాలో ఎప్పటినుంచో పేరుంది. అందుకే ఈ టోర్నమెంటు కోసం డల్లాస్, ఫోర్ట్ వర్త్‌ల మధ్య నడిచే రైలులో సెంటర్‌పోర్ట్ స్టేషన్ వరకు వెళ్లి, అక్కడి నుంచి ప్రత్యేక బస్సులు ఎక్కేలా నిర్వాహకులు ఏర్పాటు చేస్తున్నారు. మీ పుస్తకంలో సెంటర్‌పోర్ట్ అనే మాటే లేదు.

మరి ఫెయిర్ పార్క్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, మీరు వర్ణించినది కాటన్ బౌల్ అనే మరో స్టేడియం. అది 1930లో కట్టిన పాత మైదానం, పైకప్పు లేదు, డల్లాస్ నగరంలోనే ఫెయిర్ పార్క్‌లో ఉంది, గ్రీన్ లైన్ రైలు నిజంగానే దాని దగ్గర ఆగుతుంది. 1994 ప్రపంచకప్‌లో ఆరు మ్యాచ్‌లు జరిగింది అక్కడే. నెదర్లాండ్స్‌ను బ్రెజిల్ 3-2తో ఓడించిన క్వార్టర్ ఫైనల్ వాటిలో ఒకటి. పాత సమాచారాన్ని ఎక్కడి నుంచో ఎత్తి తెచ్చి, కొత్త స్టేడియం ఫొటో కింద అతికించారని అనుకోక తప్పడం లేదు. డల్లాస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉంటున్న మా మేనల్లుడికి ఈ పేజీ ఫొటో తీసి పంపితే వెంటనే ఫోన్ చేసి, “మామయ్యా, ఇది కాటన్ బౌల్‌కు దారి, మ్యాచ్ అక్కడ కాదు” అన్నాడు. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతాల్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో, హైదరాబాద్‌లో ఉన్న మీ సంస్థకు నేను చెప్పనక్కరలేదు. వారిలో ఎవరిని అడిగినా ఈ పొరపాటు ముందే బయటపడేది.

దీన్ని అచ్చుతప్పుగా ఎందుకు వదిలేయలేకపోతున్నానో కూడా వివరిస్తాను. ఈసారి డల్లాస్‌లో అభిమానుల కోసం పెద్ద తెరలతో ఏర్పాటు చేస్తున్న ఫ్యాన్ ఫెస్టివల్ జరిగేది ఇదే ఫెయిర్ పార్క్‌లో. అంటే మీ పుస్తకం నమ్మి జూన్ 22న బయలుదేరిన కుటుంబం రైలు దిగగానే అర్జెంటీనా జెండాలు, చారల చొక్కాలు, జనసందోహం చూసి సరైన చోటికే వచ్చామని అనుకుంటుంది. ఆ జనంలో కలిసి నడిచి, వరుసలో నిలబడి, గేటు దగ్గర టికెట్ చూపించిన తర్వాత గానీ మ్యాచ్ 30 కిలోమీటర్ల అవతల ఉందని తెలియదు. ఆ మ్యాచ్ మొదలయ్యేది అక్కడి సమయం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలకు. టెక్సస్ జూన్ ఎండలో, మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషిని వెంటబెట్టుకుని అప్పటికప్పుడు ఆర్లింగ్టన్‌కు బండి వెతుక్కోవాల్సిన పరిస్థితిని మీ పుస్తకం మాకు సిద్ధం చేసి పెట్టింది.

జోర్డాన్‌తో మ్యాచ్ సంగతి ఇంకా కష్టం. అది రాత్రి 9 గంటలకు మొదలై 11 ప్రాంతంలో ముగుస్తుంది. స్టేడియం ఖాళీ అయ్యేసరికి అర్ధరాత్రి అవుతుంది. వేల మందితో పాటు ప్రత్యేక బస్సు కోసం వేచి ఉండి, మళ్లీ రైలెక్కి డల్లాస్ చేరుకోవాలి. హోటల్‌కు తేలిగ్గా చేరుకోవచ్చన్న ధీమాతో అదనపు సొమ్ము కట్టినవాళ్లకు ఇది ఏ రకంగా ‘చేరువ’ అవుతుందో మీరే చెప్పాలి. అసలు డల్లాస్ నడిబొడ్డు కంటే ఆర్లింగ్టనే విమానాశ్రయానికి దగ్గర కనుక, మాకు ఆర్లింగ్టన్‌లో గది ఇచ్చి ఉంటే రాకపోకలు రెండూ సులువయ్యేవి.

ఈ విషయాలన్నీ మీ కాల్ సెంటర్‌కు ఫోన్‌లో చెప్పినప్పుడు, స్టేడియానికి డల్లాస్ అని పేరు పెట్టింది ఫిఫాయేననీ, తాము ఆ పేరు ప్రకారమే హోటల్ చూశామనీ, తమ తప్పేమీ లేదనీ జవాబు వచ్చింది. ఈ జవాబును నేను అంగీకరించలేను. ఫిఫా తన టోర్నమెంటులో స్టేడియాలకు ఉన్న వాణిజ్య సంస్థల పేర్లు వాడనివ్వదు. అందువల్ల పదహారు చోట్లా ఆతిథ్య నగరం పేరునే స్టేడియానికి తగిలించింది. ఆ పేరు ప్రచారానికీ టికెట్ మీద అచ్చుకీ పనికొస్తుంది గానీ చిరునామాగా పనికిరాదు. ‘బోస్టన్ స్టేడియం’ ఉన్నది ఫాక్స్‌బరోలో. మన దగ్గర భువనగిరిలో మ్యాచ్ పెట్టి హైదరాబాద్ అని చెప్పినంత దూరం అది. ‘శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా స్టేడియం’ శాంటా క్లారాలో, శాన్ హోసే పక్కన ఉంది. గోల్డెన్ గేట్ వంతెన దగ్గర గది తీసుకున్నవారికి మ్యాచ్ రోజు సగం ప్రయాణానికే సరిపోతుంది. ఫైనల్ జరిగే ‘న్యూయార్క్ న్యూజెర్సీ స్టేడియం’ ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో, లాస్ ఏంజెలెస్‌ది ఇంగిల్‌వుడ్‌లో, మయామీది మయామీ గార్డెన్స్‌లో ఉన్నాయి. మెక్సికోలోనూ ఇంతే: మాంటెరే స్టేడియం గ్వాదలూపేలో, గ్వాదలహారాది సపోపాన్‌లో. మరోపక్క అట్లాంటా, సియాటిల్, వాంకూవర్ స్టేడియాలు నిజంగానే నగరం నడిబొడ్డున ఉన్నాయి. హ్యూస్టన్‌లో నగర రైలు స్టేడియం దాకా వెళుతుంది. ఏ పేరు వెనుక ఏ ఊరుందో మామూలు ప్రయాణికుడికి తెలియదు కనుకనే మీలాంటి సంస్థకు డబ్బిచ్చి సలహా కొనుక్కుంటాడు. ఫిఫా పెట్టిన పేరును చదివి వినిపించడానికి అంత సొమ్ము అక్కరలేదు.

కాన్సస్ సిటీ అధ్యాయం గురించి క్లుప్తంగా చెబుతాను. జూన్ 16న అల్జీరియాతో అర్జెంటీనా మొదటి మ్యాచ్ అక్కడ ఉంది. ఆ స్టేడియం కాన్సస్ రాష్ట్రంలో ఉందని మీ పుస్తకం అంటోంది. అది ఉన్నది మిస్సోరి రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో, ఊరి తూర్పు అంచున. అదే పేరుతో కాన్సస్ రాష్ట్రంలో మరో చిన్న నగరం ఉండటంతో ఈ గందరగోళం కలిగి ఉండవచ్చు. ఊళ్లో ఉచితంగా తిరిగే స్ట్రీట్‌కార్ (ట్రామ్ బండి) స్టేడియానికి వెళుతుందని మీరు సూచించారు. అది వెళ్లదు. అలాగే కాన్సస్ సిటీ నుంచి డల్లాస్‌కు ‘సమీప నగరం’ అంటూ బస్సు ప్రయాణం పెట్టి, చేరిన సాయంత్రమే నగర సందర్శన కూడా జోడించారు. ఆ రెండింటి మధ్య రోడ్డు దూరం 800 కిలోమీటర్లకు పైనే. పొద్దున్నే బయలుదేరినా ఆ సాయంత్రం ఎవరికీ ఏమీ చూసే ఓపిక మిగలదు. మ్యాచ్‌ల మధ్య ఆరేసి, అయిదేసి రోజుల వ్యవధి ఉన్నప్పుడు ఈ పరుగు ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు.

అందువల్ల నేను కోరేది ఏమిటంటే, డల్లాస్ బసను ఆర్లింగ్టన్‌లో, స్టేడియానికి నిజంగా నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న హోటల్‌కు అదనపు ఖర్చు లేకుండా మార్చండి. ప్రపంచకప్ రోజుల్లో అక్కడ గదులు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. దొరకకపోతే ‘చేరువ’ బస పేరుతో నలుగురి దగ్గరా తీసుకున్న 1,52,000 రూపాయలు వాపసు ఇచ్చి, రెండు మ్యాచ్‌లకూ హోటల్ నుంచి ఆర్లింగ్టన్‌కు, తిరుగు ప్రయాణానికి వాహనం మీ ఖర్చుతో ఏర్పాటు చేయండి. ఆ వాహనం స్టేడియానికి ఎంత దగ్గరగా ఆగడానికి అనుమతి ఉందో కూడా ముందే కనుక్కుని చెప్పండి. మ్యాచ్ రోజుల్లో ప్రైవేటు వాహనాలను చాలా దూరంలోనే ఆపేస్తే మా నాన్నగారి విషయంలో మళ్లీ అదే సమస్య వస్తుంది. కాన్సస్ సిటీ నుంచి డల్లాస్‌కు బస్సు బదులు విమాన టికెట్లు ఇవ్వండి; ధరలో న్యాయమైన తేడా ఉంటే అది భరించడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇదే ప్యాకేజీ తీసుకున్న మిగతా కుటుంబాలకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదని మీ ప్రతినిధి మాటల్లోనే అర్థమైంది. డల్లాస్, కాన్సస్ సిటీ అధ్యాయాలను సరిచేసి, ప్రతి స్టేడియానికీ అది ఉన్న ఊరి పేరు, పూర్తి చిరునామా, హోటల్ నుంచి దూరం, మ్యాచ్ రోజున వెళ్లే మార్గం రాసిన సవరణ పత్రాన్ని వారందరికీ పంపాలి. నాకు ఒక్కడికి గది మార్చి మాట్లాడకుండా ఊరుకోబెడితే ఈ ఫిర్యాదు తీరినట్టు నేను భావించను.

బుకింగ్ రసీదు, ‘చేరువ బస’ ప్రకటన, మీ పుస్తకంలోని సంబంధిత పేజీల నకళ్లు ఈ లేఖతో జతచేస్తున్నాను. ప్రయాణానికి వ్యవధి తక్కువగా ఉన్నందున పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు; ఫోన్‌లో ఇచ్చే హామీలను జవాబుగా పరిగణించను. లేనిపక్షంలో, వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(28) కింద దీన్ని తప్పుదోవ పట్టించే ప్రకటనగా పేర్కొంటూ, ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ, ఆ తర్వాత మేము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు దాఖలు చేస్తాను.

భవదీయుడు,
(సంతకం)
బుకింగ్ వివరాలు: జతపరచిన రసీదు ప్రకారం