పానియాగువాకు ఒక్క ముక్కేనా?

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ పత్రికలో ‘మూణ్ణాళ్ల ముచ్చట’ అంటూ పెరూ అధ్యక్షుల జాబితా వేశారు. వాలెంటిన్ పానియాగువాను, 2020లో ఐదు రోజులకే ఇంటిదారి పట్టిన మెరినో సరసన చేర్చి, ‘ఎనిమిది నెలల తాత్కాలికుడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. వారమైనా ఆ మంట తగ్గక రాస్తున్నాను.

ఆయన ఏ పరిస్థితుల్లో వచ్చారో రాయొద్దూ? అప్పటి అధ్యక్షుడు ఫుజిమోరికి కుడిభుజమై గూఢచారి విభాగాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మోంటెసినోస్ ఓ ప్రతిపక్ష సభ్యుడికి నోట్ల కట్టలు ఇస్తున్న వీడియోను 2000 సెప్టెంబరులో దేశమంతా టీవీలో చూసింది. నవంబరులో ఫుజిమోరి జపాన్‌లో కూర్చుని రాజీనామాను ఫ్యాక్సులో పంపాడు. మా ఆఫీసులో సెలవు చీటీ కూడా అలా పంపితే తీసుకునేవారు కాదు! అక్కడి పార్లమెంటైన కాంగ్రెసూ తీసుకోలేదు, నైతికంగా అనర్హుడని తీర్మానించి పదవి నుంచి తొలగించింది. ఉపాధ్యక్షులూ తప్పుకోవడంతో, వారం కిందటే ఆ సభకు అధ్యక్షుడైన కుస్కో నగరపు లాయరు పానియాగువా నవంబరు 22న ప్రమాణం చేశారు. ఆయనేమీ దారినపోయే దానయ్య కాదు. ముప్పై నిండకముందే న్యాయశాఖ మంత్రిగా, 1984లో విద్యాశాఖ మంత్రిగా చేసినవారు.

ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి పెరెజ్ డి కుయెల్లార్‌ను పిలిచి ప్రధానిని చేశారు. 1980 నుంచి 2000 దాకా జరిగిన హింసపై సత్యశోధన కమిషన్ వేశారు. ఎన్నికలు సక్రమంగా జరిపించారు, తాను మాత్రం నిలబడలేదు. 2001 జులై 28న, గెలిచిన టొలెడోకు పగ్గాలిచ్చి వెళ్లిపోయారు. చేతిలో కుర్చీ ఉండగా పోటీకి దిగని నాయకుణ్ణి ఈమధ్య ఎక్కడైనా చూశారా? మనవాళ్లయితే మునిసిపల్ వార్డు కూడా వదలరు. ఆయనకు ముందు పదేళ్లు ఏలిన ఫుజిమోరికి, తర్వాత ఐదేళ్లు ఏలిన టొలెడోకు జైలుశిక్షలు పడ్డాయి. పూర్తికాలం పాలించినవాళ్ల ఘనత అదీ! 2006లో పానియాగువా పోటీ చేస్తే జనం ఐదో స్థానంతో సరిపెట్టారు. ఆ అక్టోబరులోనే పోయారు.

అసలు మీ విదేశీ పేజీయే ఇలా తయారైంది. ఏజెన్సీ ఇచ్చింది ఇచ్చినట్టు దింపేయడం, మిగిలిన జాగాలో హాలీవుడ్ విడాకులు. చివరికి పానియాగువా పేరునైనా ఒకేలా రాశారా? పైన ఒకరకం, ఫొటో కింద మరోరకం. సవరణ వేస్తే పెళ్లి సంబంధాల ప్రకటనల కింద కాదు, ఆ ఆదివారం పేజీలోనే వేయండి.

– ఓ పాత చందాదారు, తెనాలి