కాలమ్ జరపడం నాకు వచ్చు, నా ఫిర్యాదు ఎవరు చదువుతారో అది చెప్పండి

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి, వాళ్లపైన ఎవరైనా ఉంటే వాళ్లకి,

మీ స్ప్రెడ్‌షీట్‌లో కాలమ్ జరిపితే పక్క కాలమ్ పోతున్న విషయం మీద నేను మీకు రాయడం ఇది తొమ్మిదోసారి. ముందు ఎనిమిదిసార్లు మీ ఫారంలోనే, మీరడిగినట్టు ఇంగ్లిష్‌లో, మా తమ్ముడి కూతురితో తప్పులు దిద్దించుకుని మరీ పంపాను. ఈసారి తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే నాకు జరిగింది జరిగినట్టు చెప్పాలంటే నా భాషలోనే చెప్పగలను.

నేను గుంటూరు మిర్చి యార్డులో నాలుగు కమీషన్ కొట్లకి లెక్కలు రాస్తాను. మొదట్లో చిట్టా, ఆవర్జా పుస్తకాలు చేత్తో రాసిన దాన్నే. పదకొండేళ్ల నుంచి మీ స్ప్రెడ్‌షీట్‌లో రాస్తున్నాను, ప్రతి ఏడూ గడువుకి ముందే డబ్బు కడుతున్నాను. మా వీధిలో ముగ్గురు ఆడపిల్లలకి దగ్గర కూర్చోబెట్టుకుని ఇది నేర్పించాను, వాళ్లిప్పుడు వేరే కొట్లలో ఇదే వాడుతున్నారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ వాళ్లు నాతో నిన్నగాక మొన్న కంప్యూటర్ ముట్టుకున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు.

జరిగింది చిన్న విషయమే. ఫిబ్రవరి 17న ఊరు కాలమ్‌ని రైతు పేరు పక్కకి తేవాలని, ఎప్పటిలాగే షిఫ్ట్ నొక్కి పట్టుకుని కాలమ్ అంచు పట్టి లాగాను. అలా లాగితే పక్కవి తప్పుకుని చోటివ్వాలి. షిఫ్ట్ లేకుండా లాగితే, అక్కడ ఉన్నది పోతుంది, సరేనా అని అడగాలి. ఇన్నేళ్లూ అంతే. అంతకు రెండు రోజుల ముందు మీరేదో అప్‌డేట్ పంపారు, ఆ తర్వాత ఇదే మొదటిసారి కాలమ్ జరపడం. అది తప్పుకోలేదు, అడగలేదు, ఊళ్ల పేర్లన్నీ వెళ్లి రకం కాలమ్ మీద కూర్చున్నాయి. ఆ కాలమ్ మీద ఏ ఫార్ములా ఆధారపడి లేదు కాబట్టి ఎక్కడా ఎర్రర్ రాలేదు. కుడివైపు కాలమ్‌లు నేను చూసుకోలేదు, పని చేసుకుంటూ పోయాను, ఫైల్ మూసేశాను. సాయంత్రం తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు, ప్రింట్ తీస్తే తేజ, 334, 341 అని మిర్చి రకాలు ఉండాల్సిన చోట ఊళ్ల పేర్లున్నాయి. వెనక్కి తీసుకునే బటన్ అప్పటికి పని చెయ్యదు. 640 వరసలు. తేజ ధర వేరు, 334 ధర వేరు, రకం లేకుండా తక్‌పట్టీ ఇస్తే రైతు ఊరుకుంటాడా?

అయినా పొరపాటు ఎవరికైనా వస్తుంది. సాఫ్ట్‌వేర్ తప్పు చేసిందని నాకు కోపం లేదు. ఆ తర్వాత మీరు చేసింది చూడండి.

ఆ రాత్రే చాట్‌లోకి వచ్చాను. మెషిన్ నాలుగు ప్రశ్నలడిగి, మనిషికి ఇస్తున్నాను అని చెప్పి 50 నిమిషాలు కూర్చోబెట్టింది. ఒకబ్బాయి వచ్చాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యమన్నాడు. చేశాను. ఆన్ అయ్యేసరికి చాట్ పోయింది, అతనూ పోయాడు.

రెండోరోజు ఇంకొకరు. మొదటినుంచీ మళ్లీ చెప్పాను. ఆవిడ, కాలమ్ ఎలా జరపాలో ఉన్న పేజీ లింక్ పంపింది. షిఫ్ట్ నొక్కి లాగండి అని రాసుంది అందులో! నేను షిఫ్ట్ నొక్కి లాగితేనే పోయిందని నా మొదటి వాక్యంలోనే ఉంది. అది చదివి ఉంటే ఆ లింక్ పంపేది కాదు. ఫోన్ చేద్దామంటే ఇంగ్లిష్‌కి ఒకటి, హిందీకి రెండు, తెలుగు లేదు. నాకొచ్చిన హిందీలో యార్డులో బయటినుంచి వచ్చిన కొనుగోలుదారులతో బేరం ఆడగలను గానీ ఫార్ములాల గురించి మాట్లాడలేను.

మూడో ఆయన స్క్రీన్ ఫొటో అడిగాడు. పంపాను. నాలుగు రోజుల తర్వాత నాలుగో ఆయన మళ్లీ అదే ఫొటో అడిగాడు. మళ్లీ పంపాను. ఆ మర్నాడు పొద్దున మెయిల్ చూస్తే, మీ దగ్గర నుంచి సమాధానం రానందున ఫిర్యాదు మూసివేశాం అని ఉంది. రాత్రి 9 గంటలకి నేను పంపిన ఫొటో దాని కిందే ఉంది అండీ! నాకు ఆ పొద్దున నిజంగా ఏడుపొచ్చింది. పక్కనే మా ఆయన ఉండి, పోనీలే, ఇంక వదిలెయ్ అన్నారు. ఎలా వదిలేస్తాను?

కొత్త ఫిర్యాదు పెట్టాను. అయిదో ఆయన, మీరు వీలుకప్ (వరస వెతికి, చెప్పిన నంబరు కాలమ్‌లోది తెచ్చే) ఫార్ములాలో కాలమ్ నంబర్ వేసి ఉంటారు, కాలమ్ జరిపితే నంబర్ మారదు, తప్పు మీది అని రాశాడు. ఆ ఫైల్‌లో వీలుకప్ ఒక్కటి కూడా లేదు. నాలుగో కాలమ్ అని వేస్తే, కాలమ్ జరిగాక కూడా అది నాలుగో దాన్నే పట్టుకుని ధర బదులు హమాలీ తెస్తుందని నాకు ఎప్పుడో ఒకసారి దెబ్బ తగిలి తెలిసింది. అప్పటి నుంచీ ఇండెక్స్, మ్యాచ్ అనే ఫార్ములాలు కలిపి హెడింగ్ పేరుతో వెతికేలా రాసుకుంటున్నాను. ఫైల్ తెరిచి చూస్తే తెలిసేది. తెరవకుండానే తప్పు నాది అన్నాడు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది అనుకున్నాను, ఆరో ఆయన వచ్చేదాకా.

పందొమ్మిదో రోజున ఆరో ఆయన చాలా మర్యాదగా, మేడమ్, పాత వెర్షన్‌కి వెళ్లే సౌకర్యం ఉంది కదా, అక్కడి నుంచి ఆ ఒక్క కాలమ్ తెచ్చుకోండి అన్నాడు. అది ఉందని నాకు తెలియదు, నేనెప్పుడూ వాడలేదు, ఒప్పుకుంటాను. కానీ నేను అప్పటికే రెండు రాత్రులు కూర్చుని, కాటా పుస్తకాలు ముందేసుకుని 640 వరసలూ చేత్తో కొట్టేశాను. సీజన్లో, రోజుకి లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి యార్డుకి వస్తున్న రోజుల్లో, కళ్లు మండుతుంటే కొట్టాను. మొదటి రోజు ఆ అబ్బాయి ఈ ఒక్క మాట చెప్పి ఉంటే పది నిమిషాల పని. అయిదుగురిలో ఒక్కరికీ నా మెయిల్ పూర్తిగా చదివే ఓపిక లేకపోయింది. మరి మీరు ఎవరికి జీతాలిస్తున్నారు, దేనికి ఇస్తున్నారు?

ఇది రాస్తున్నది మార్చి 14న. నా ఫిర్యాదు పక్కన పరిష్కరించాం అని పచ్చ గుర్తు ఉంది. నిన్న రాత్రి ఖాళీ ఫైల్ తెరిచి మూడు కాలమ్‌లు పెట్టి మళ్లీ జరిపి చూశాను. మళ్లీ అలాగే పక్కదాన్ని మింగేసింది. ఏం పరిష్కరించారు? కాలమ్ జరపాలంటే ఇప్పుడు నాకు టెన్షన్, ముందు ఖాళీ కాలమ్ చొప్పించి అందులోకి కాపీ చేసుకుని పాతది తీసేస్తున్నాను, అలా చేస్తే పాత కాలమ్‌ని పట్టుకున్న ఫార్ములాలు తెగిపోతున్నాయి, అవన్నీ మళ్లీ చూసుకోవాలి.

డబ్బు వెనక్కిస్తారా, ఈ ఏడాది చందా తగ్గిస్తారా, అది మీ ఇష్టం, కానీ మూసేసిన నా రెండు ఫిర్యాదులూ మళ్లీ తెరవాలి, తప్పు మీ అప్‌డేట్‌ది అని రాతపూర్వకంగా ఇవ్వాలి, తప్పు మీది అని నన్నన్న మనిషి చేత క్షమాపణ చెప్పించాలి. వారం చూస్తాను. ఆ తర్వాత 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో పెడతాను, అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదు అని చెప్పాలని చూడకండి. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్నవాళ్లు కూడా వినియోగదారులే అని 2019 చట్టంలో ఉంది, వకీలు దగ్గర కనుక్కున్నాను. చాట్‌లన్నీ, ఫొటోలన్నీ తేదీలతో సహా ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టాను. నేను నేర్పించిన ఆ ముగ్గురు పిల్లలకి కూడా వేరేది నేర్చుకోండి అని చెప్పేస్తాను, నాకు చాలా కష్టంగా ఉన్నా సరే.

ఫోన్ చేసేటట్టయితే తెలుగు వచ్చిన మనిషితో చేయించండి. పొద్దున బేరాలు, కాటాల టైము, అప్పుడు ఎత్తలేను. మధ్యాహ్నం మూడు దాటాక చెయ్యండి. చేసే ముందు ఈ ఉత్తరం మొత్తం చదివి చెయ్యమనండి, నేను మళ్లీ మొదటినుంచీ చెప్పను.

ఇట్లు,
పదకొండేళ్లుగా మీకు డబ్బు కడుతున్న కస్టమర్,
గుంటూరు