మారేడుమిల్లి–చింతూరు దారి గురించి

సభ్యులందరికీ నమస్కారం. సైకిలు మీద వెళ్లడానికి రద్దీ లేని కొండదారి ఏదైనా చెప్పమని పలువురు అడిగినందున, నాకు బాగా పరిచయమైన మారేడుమిల్లి–చింతూరు ఘాట్ రోడ్డు గురించి రాస్తున్నాను. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరి, ఆ రాత్రి అక్కడే బస చేసి తెల్లవారగానే బయలుదేరితే, వెదురు పొదల మధ్య చాలాసేపు మన చక్రాల చప్పుడు తప్ప మరొకటి వినిపించదు. ఆదివారాలు మాత్రం పర్యాటకుల కార్లు ఎక్కువ.

అసలు జాగ్రత్త దిగుడులో అవసరం. నీడపట్టు మలుపుల్లో రాలిన వెదురాకులు మంచుకు తడిసి టైరు కింద సబ్బులా జారతాయి కనుక, మలుపులోకి రాకముందే వేగం తగ్గించుకోవాలి; అలాగని కిందికి దిగేదాకా బ్రేకు పట్టే ఉంచితే రిమ్ము కాలిపోతుంది, గత కార్తికంలో ఆగి తాకి చూస్తే నా వేలు చురుక్కుమంది. ఎదురుగా బస్సు వస్తే ఎడమపక్కన పూర్తిగా ఆగిపోండి, దానికి మలుపంతా కావాలి.

చింతూరు దగ్గర శబరి కనిపించాక ఓపిక ఉన్నవారు, ఆ నది గోదావరిలో కలిసే కూనవరం దాకా వెళ్లవచ్చు. వానాకాలంలో అక్కడ వరద రోడ్లను ముంచుతుంది కాబట్టి డిసెంబరు, జనవరి నెలలే ఎంచుకోండి. నీళ్లు, అదనపు ట్యూబు, పంపు తప్పక తెచ్చుకోగలరు.