ఆ కత్తి రాయి ఎక్కడిది చిన్నా?

గూడూరు,
ఆదివారం

చిరంజీవి చిన్నాకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. రెండు రోజులు వాన పడి తెరిపిచ్చింది. పెరట్లో మునగకొమ్మ విరిగి గోడ అవతల పడితే, వెనకింటివాళ్లు కాయలన్నీ కోసుకుని కొమ్మ మాత్రం మనకి తిరిగిచ్చారు. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది, చెబితే వినదు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. ఫోన్‌లో నేను విషయం మొదలుపెట్టగానే నీకు మీటింగ్ గుర్తొస్తుంది కదా, అందుకని.

నువ్వు మాట్లాడి మూడు వారాలైంది. టెన్షన్ ఏమీ లేదు, ఊరికే అంటున్నా. మొన్న సుబ్బత్త మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో మీ జపాన్ నుంచి సెలవుకొచ్చిన రవి కలిశాడు. "చిన్నా శనివారం వస్తే చాలు, మూతపడ్డ గనుల వెంట తిరుగుతున్నాడు మామయ్యా, తలకి కట్టుకునే లైటు కూడా కొన్నాడు" అన్నాడు. నేను నవ్వేసి పాయసం తాగాను. మీ అమ్మకి చెప్పలేదు.

నువ్వు స్టేటస్‌లో పెట్టిన ఫొటో చూశానులే. కత్తుల కట్టలాంటి ఆ బూడిద రంగు రాయి స్టిబ్నైట్ అనే ఖనిజం. ముప్పై ఏళ్లు కాలేజీ పెట్టెలోని వేలెడు ముక్కని చూపిస్తూ "అసలైనవి జపాన్‌లో, ఇచినొకావా గనిలో దొరికేవిరా" అని పాఠం చెప్పినవాణ్ణి. షికోకు దీవిలో, ఎహిమె ప్రాంతంలో సైజో ఊరి దగ్గర ఆ గని. మెయిజీ చక్రవర్తి కాలంలో (1868-1912) అక్కడ తీసిన స్ఫటికాలు, అడుగు దాటి పొడవున్నవి, లండన్ మ్యూజియం దాకా వెళ్లాయి. గని 1957లో మూతపడింది. అందుకే అడుగుతున్నా, నీ దగ్గరున్నది కొన్నావా, గనిలో దిగి తెచ్చావా?

కొని ఉంటే దానితో వచ్చిన పాత లేబుల్ పారెయ్యకు. చిరిగినా, పసుపెక్కినా సరే. మూతపడ్డ గని రాయికి ఆ కాగితమే జాతకం. గని పేరు లేకపోతే అది ఉత్త రాయి. చైనా జియాంగ్‌షీ నుంచి కూడా దివ్యమైన స్టిబ్నైట్ వస్తుంది, దాన్ని ఇచినొకావా అని అంటగట్టినా కొత్తవాడికి తెలీదు. ఇంకోటి, ఆ రాయి మరీ మెత్తన, గోటితో గీకినా గీత పడుతుంది. కిటికీ దగ్గర పెట్టకు, వెలుతురుకి మెరుపు పోతుంది. ముట్టుకున్నాక చేతులు కడుక్కో, అందులో ఉన్నది ఆంటిమొనీ, విషపు పదార్థం. అన్నం తినే బల్ల మీద అసలే పెట్టకు. నీ సంగతి నాకు తెలుసు, పెట్టే ఉంటావు.

నన్నడిగితే మాత్రం నాకిష్టం జపాన్‌లోనే యామనాషి ప్రాంతపు పలుగురాయి (క్వార్ట్జ్) స్ఫటికాలు. అక్కడ ఓటొమె అనే గని ఉండేది. ఓటొమె అంటే కన్య. రెండు పలక స్ఫటికాలు 84 డిగ్రీల 33 నిమిషాల కోణంలో అతుక్కుని పుడతాయి, చూడ్డానికి హృదయం బొమ్మలా ఉంటాయి. వాటి గురించి మొదట రాసింది 1829లో, ఫ్రాన్స్‌లో దొరికిన వాటిని చూసి. అయినా మంచివి జపాన్‌లో ఎక్కువ దొరికాయని జపాన్ జంట అన్న పేరే నిలిచింది. రాళ్లు కూడా జంట కడుతున్నాయి. కావలి సంబంధం వాళ్లు మళ్లీ అడిగారని మీ అమ్మ రాయమంది. రాశాను.

రవి మాట అబద్ధమైతే ఇది చదవక్కర్లేదు. నిజమైతే మాత్రం కూర్చుని చదువు. నీకెప్పుడూ చెప్పని సంగతి. నాకు పదహారేళ్లప్పుడు నేనూ మీ పెదనాన్నా సైదాపురం దగ్గర వదిలేసిన కాకిబంగారం గనిలో దిగాం. అడుగున పుస్తకమంత పలకలు వదిలేశారని ఎవడో అన్నాడు. కిరసనాయిలు లాంతరు, బావి మోకు, అంతే మా సరంజామా. దిగేటప్పుడు నవ్వులే నవ్వులు. అడుగున అడ్డంగా ఒక సొరంగం. అందులో ఇరవై అడుగులు పోయామో లేదో లాంతరు మినుక్కుమంది. గాలేమో అని చెయ్యి అడ్డం పెట్టాను. గాలి కాదు, గాలి లేక. దీపం ఆరింది. కాళ్లు నావి కానట్టయ్యాయి. అన్న ముందున్నాడు, పిలిస్తే పలకలేదు. మేకలు కాసుకునే కోటయ్య తాత పైన మోకు చూసి దిగకపోతే ఈ ఉత్తరం రాసేవాడు లేడు. అన్నని భుజాన వేసుకుని, నన్ను జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. మీ నాయనమ్మ కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ఆయాసం అన్నకి చివరిదాకా పోలేదు. నువ్వు చిన్నప్పుడు పొరలు పొరలుగా ఊడదీసి ఆడుకున్న కాకిబంగారం పలక ఉందే, అది ఆ రోజుదే. పైకొచ్చాక చూస్తే నా చొక్కాలో ఉంది.

మీ దగ్గరివి గంధకం రాళ్ల గనులు, ఇంకా చెడ్డవి. లోపల తడికి ఆ రాయి తుప్పు పట్టినట్టు పడుతూ, ఉన్న ప్రాణవాయువుని తినేస్తుంది. వాసన ఉండదు. ఊతకర్రలు చూడ్డానికి నిక్షేపంగా ఉంటాయి, లోపల పిండి. పైగా పరాయి దేశంలో ఒకరి స్థలం, పట్టుకుంటే వీసా గతేంటి? పాఠం చెప్పకూడదనే కూర్చున్నాను. అలవాటు.

గని చూడాలని అంతగా ఉంటే హ్యోగోలో ఇకునొ వెండి గని ఉంది. 1973లో ఆపేశారు, ఇప్పుడు టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు. సొరంగాలన్నీ కలిపి 350 కిలోమీటర్లు, లోతు 880 మీటర్లు. నిన్ను పోనిచ్చేది అందులో కొంచెమే, అది చాలు. అక్కడి మ్యూజియంలో జపాన్ తొలితరం ఖనిజ శాస్త్రవేత్త వాదా త్సునాషిరో సేకరించిన ఖనిజాలున్నాయి. ఈ గనులన్నీ పనిచేస్తున్న కాలంలో పోగుచేసినవి. కొనాలనుంటే జూన్‌లో షింజుకులో ఖనిజాల సంత జరుగుతుంది. డబ్బు తగిలేస్తే తగలెయ్యి, నేనేమీ అనను. ఎంత పెట్టావో మీ అమ్మకి చెప్పకు.

రవి చేత గోంగూర పచ్చడి, కందిపొడి పంపుతున్నాం. నూనె కారుతుంది, డబ్బా నిలబెట్టి ఉంచు. చలికి చెవులు కప్పుకో. ఆ లైటు రవికి ఇచ్చెయ్యి, వాడు పిల్లలకి ఆడుకోవడానికి ఇస్తాడు.

ఆ రాయిని పక్కన స్కేలు పెట్టి ఇంకోసారి ఫొటో తియ్యి. మొన్నటి దాంట్లో కొసలు మసగ్గా ఉన్నాయి, నిలువు గీతలు సరిగ్గా కనపడలేదు. వెనక వైపు కూడా తియ్యి. లేబుల్ ఉంటే అదీ.

మీ నాన్న