సస్పెన్షన్ ‘వేటు’ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం. నేను ముప్పై ఏళ్ళకి పైగా గవర్నమెంటు కొలువు చేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను, అందులో చాలా కాలం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే, అంటే సస్పెన్షన్లు, ఛార్జ్ మెమోలు (ఆరోపణలు రాసిచ్చే కాగితాలు), ఎంక్వైరీ ఫైళ్ళు నా చేతుల మీదుగా నడిచినవే. ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న మాట ఇప్పుడు రాస్తున్నా.

జిల్లా పేజీ తెరిస్తే చాలు ఆకస్మిక తనిఖీ, ఆఫీసర్ గారి ఆగ్రహం, ఫలానా ఉద్యోగిపై సస్పెన్షన్ వేటు అని హెడ్డింగ్. ఆ ‘వేటు’ అనే మాటతోనే నాకు పేచీ. 1991 సీసీఏ రూల్స్, అంటే ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు, తీసి చూడండి, మన రెండు రాష్ట్రాల్లోనూ అవే నడుస్తున్నాయి, శిక్షలన్నీ 9వ రూల్‌లో ఉంటాయి, మందలింపు, ఇంక్రిమెంట్ ఆపడం దగ్గర్నుంచి డిస్మిస్ దాకా, అందులో సస్పెన్షన్ లేదు. అది విడిగా 8వ రూల్‌లో ఉంది, ఎంక్వైరీకి అడ్డం రాకుండా మనిషిని కాస్త పక్కన ఉంచడం, అంతే. తప్పు చేశాడో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు. కానీ పేపర్లో వేటు అని పడ్డాక ఊళ్ళో తేలిపోయినట్టే కదా.

మా సెక్షన్‌లో ఒక జూనియర్ అసిస్టెంట్ అమ్మాయి ఉండేది. ఒక ఫైలు కనపడలేదని తనిఖీకి వచ్చిన పెద్దాయన అక్కడికక్కడే సస్పెండ్ చేయమన్నారు. ఆర్డర్ ఇచ్చాక ఏడు నెలలు ఛార్జ్ మెమో ఇవ్వలేదు, పర్మిషన్ లేకుండా హెడ్‌క్వార్టర్ (పనిచేసే ఊరు) వదలకూడదన్నారు, సబ్సిస్టెన్స్ అలవెన్స్, అంటే సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళకి బతకడానికిచ్చే భత్యం, అదీ రాలేదు. ఎందుకు రాలేదయ్యా అంటే, వేరే ఉద్యోగం ఏదీ చేయట్లేదని నెలనెలా రాసివ్వాల్సిన సర్టిఫికెట్ ఆమె ఇవ్వలేదు, ఇవ్వాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు! నేను అప్పుడు వేరే సీటులో ఉన్నా, తెలిసిన రోజున నేనే రాయించి ఇన్‌వార్డ్‌లో (వచ్చిన కాగితాలు నమోదు చేసే చోట) ఇప్పించి నంబర్ వేయించా. పిల్లల ఫీజుకి ఆమె గాజులు తాకట్టు పెట్టిందని తర్వాత తెలిసి ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఇలాంటివి తెలియకే మనవాళ్ళు నలిగిపోతున్నారు. మూడు నెలల్లో ఛార్జ్ మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ పొడిగించకూడదని, ఇచ్చినా సరే పొడిగించాలంటే కారణాలు రాసి ఆర్డర్ ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు అజయ్ కుమార్ చౌదరి కేసులో చెప్పింది. సబ్సిస్టెన్స్ అలవెన్స్ ఇవ్వకుండా, చేతిలో డబ్బులేక మనిషి రాలేకపోతే, ఆ ఎంక్వైరీ ఏకపక్షంగా ముగించడం చెల్లదని 1999లో పాల్ ఆంథోనీ కేసులో చెప్పింది. ఇక ఎంక్వైరీ రిపోర్టు కాపీ ఉద్యోగికి ఇచ్చి, అతని జవాబు విన్నాకే శిక్ష అనేది మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ కేసులోనే 1993లో తేలింది, ఎక్కడో ఢిల్లీ వాళ్ళ గొడవ కాదది. వీటన్నిటికీ పైన రాజ్యాంగం 311 ఆర్టికల్ ఉండనే ఉంది, ఉద్యోగం తీసేయాలన్నా హోదా తగ్గించాలన్నా ఆరోపణలేంటో చెప్పి ఎంక్వైరీ జరపాలి, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప.

నేను చూసినంతలో అందరూ చేసే పెద్ద పొరపాటు ఇంకోటి. "తప్పైందని రెండు లైన్లు రాసిచ్చెయ్యమ్మా, సార్‌తో మాట్లాడి వదిలేయిస్తాం" అంటారు. భయంతో రాసిచ్చేస్తారు, ఆ కాగితమే తర్వాత మెడకి చుట్టుకుంటుంది. సంజాయిషీ అడిగితే ముందు ఏ కాగితాల ఆధారంగా అడుగుతున్నారో వాటి కాపీలు అడగండి, ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీతో రసీదు తీసుకోండి, ఎంక్వైరీలో రూల్స్ తెలిసిన తోటి ఉద్యోగిని సాయంగా పెట్టుకోండి.

వివక్ష సంగతి కూడా చెప్పాలి. ఒకే ఫైలు మీద ముగ్గురు సంతకం పెడితే సస్పెండయ్యేది చిన్న సీటువాడే, అందులోనూ వెనక ఎవరూ లేనివాడు. ఒకే తప్పులో ఒకే పాత్ర ఉన్నవాళ్ళకి వేరువేరు శిక్షలు కుదరవని 2013లో సుప్రీంకోర్టు అంది, అప్పీల్లో ఈ పాయింటు తప్పకుండా రాయాలి. కులం పేరుతో వేధిస్తే ఎస్సీ, ఎస్టీ కమిషన్లకి రాయొచ్చు. ఆడవాళ్ళని లైంగికంగా వేధిస్తే 2013 చట్టం ప్రకారం ఆఫీసులోని అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, అసలు ఆ కమిటీలో ఎవరున్నారో చాలా ఆఫీసుల్లో సిబ్బందికే తెలీదు. అవుట్‌సోర్సింగ్ పిల్లలకైతే 311 రక్షణే లేదు, వాళ్ళ గురించి ఇంకోసారి రాస్తా.

ఆ అమ్మాయి మీద ఆరోపణ చివరికి నిలబడలేదు. ఫైలు వేరే సెక్షన్ బీరువాలో దొరికింది. సస్పెన్షన్ కాలమంతా డ్యూటీ కింద లెక్కగట్టి బాకీ జీతం కూడా ఇచ్చారు. సస్పెండైన రోజు ఒక పేపర్లో ఫోటోతో సహా వచ్చింది కదా అని, ఆర్డర్ కాపీ పట్టుకుని నేనే వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. స్పేస్ లేదండీ అన్నారు.

మీరైనా ఆ పద్ధతి మార్చండి ఎడిటర్ గారూ. ఎవరినైనా సస్పెండ్ చేశారని వేస్తే, తర్వాత తిరిగి తీసుకున్నప్పుడు అదే పేజీలో, అంతే అక్షరాల్లో అదీ వేయండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్